ముందర చక్రాల బరువు

టైటస్‌కు ఏదైనా ఒక పక్కకు ఒరిగితే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. చర్చిలో బెంచీకి కుడి కొసన ఇద్దరు కూచుంటే తాను పోయి ఎడమ కొసన కూచుంటాడు. ఇంట్లో యూనీస్ కోడికూర వడ్డిస్తే, ఆమె కంచంలోని ముక్కలనూ తన కంచంలోని ముక్కలనూ కళ్ళతోనే తూకం వేసి, ఒకటి అటో ఇటో మార్చిగానీ ముద్ద ముట్టడు. పెళ్ళయిన కొత్తలో యూనీస్ ఇదంతా తన మీద ప్రేమ అనుకుని మురిసిపోయింది. ఆర్నెల్లకు తెలిసింది, ఎదురుగా తన నాన్న కూచున్నా ఈ మనిషి ఇంతేనని. ఆ తర్వాత ఆమె మురవడం మానేసి, ముక్కలు లెక్కబెట్టి వడ్డించడం నేర్చుకుంది.

ఆయన్ని అని ఏం లాభం? అది రక్తంలో వచ్చిన గుణం. టైటస్ నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ముప్పై ఏళ్ళు చిన్న త్రాసు ముందు కూచుని, మందుపొడిని కాగితాల్లోకి సమానంగా పంచి పొట్లాలు కట్టిన మనిషి. పోతూ పోతూ కొడుక్కి ఇల్లూ వాకిలీ ఏమీ ఇవ్వలేదు, ఆ త్రాసు ఒక్కటి ఇచ్చాడు. దేవుడు కూడా మనిషి గుణం చూసే పని చూపిస్తాడేమో, టైటస్‌కు దొరికింది చక్రాలకు బరువు సరిచేసే పని.

బళ్ళారి నుంచి సిరుగుప్ప పోయే రోడ్డులో, ఊరు దాటగానే మాధవ టైర్ల షాపు ఉంది. అక్కడ ఇరవై రెండేళ్ళుగా టైటస్ చేసే పని ఒకటే. విప్పిన చక్రాన్ని స్టాండు మీద ఎక్కిస్తాడు. ఒక్క తోపు తోస్తాడు. చక్రం తిరిగి తిరిగి ఆగినప్పుడు, బరువు ఎక్కువున్న చోటు కిందికొచ్చి నిలబడుతుంది. అప్పుడు సరిగ్గా పైభాగాన సుద్దముక్కతో గీత పెట్టి, అక్కడ చిన్న సీసం ముక్క తగిలిస్తాడు. మళ్ళీ తోస్తాడు. ఎక్కడ ఆపితే అక్కడ, అటూ ఇటూ ఊగకుండా చక్రం నిలిచేదాకా ఇదే వరస. చివరికి కళ్ళు మూసుకుని, రిమ్ము అంచు మీద చూపుడువేలు ఆనించి ఒకసారి తిప్పుతాడు. "ఆయ్తు" అంటాడు. అయిందని అర్థం. ఆ మాట టైటస్ నోట్లోంచి రానిదే ఏ డ్రైవరూ చక్రం ముట్టుకోడు.

ఇదంతా మూడుకాళ్ళ స్టూలు మీద కూచుని. ఆ స్టూలుకు ఒక కాలు కాస్త పొట్టి. దాని కింద సీసం రేకు చుట్టి సరిచేసింది కూడా టైటసే. దాని మీద ఇంకొకరు కూచుంటే ఆయనకు నచ్చదు. ఎవరూ కూచోరు కూడా.

అది రెండువేల ఎనిమిది. ఇనుప గనుల్లో ఎర్రమన్ను తవ్వినవాడు తవ్వినంత రాజయిన రోజులు. జొన్న పండించేవాడు చేను అమ్మి లారీ కొన్నాడు, లారీ ఉన్నవాడు పది కొన్నాడు, పది ఉన్నవాడు హెలికాప్టరు గురించి మాట్లాడాడు. తెల్లచొక్కా ఆరేసుకుని సాయంత్రానికి తీసుకుంటే అది ఇటికరంగులో ఉండేది. ఇన్ని చక్రాలు ఊళ్ళోకొచ్చి పడితే టైటస్‌కు పండగే అనుకుంటాం కదా. అక్కడే తిరగబడింది. షాపు యజమాని మాధవ పుణె పోయొచ్చాడు.

మాధవ చెడ్డవాడేం కాదు. టైటస్ అంటే గౌరవమే. కానీ పుణెలో కంప్యూటరు మెషిన్ చూసొచ్చిన మనిషికి స్టాండూ సుద్దముక్కా ఎట్లా ఆనుతాయి? చక్రం తగిలించి మీట నొక్కితే చాలట. అదే గిర్రున తిప్పుకుని, ఎక్కడ ఎన్ని గ్రాములు తక్కువో ఎర్ర అంకెల్లో చూపిస్తుందట. ఈ సంగతి టైటస్‌కు చెప్పడానికి మాధవ రెండు రోజులు తటపటాయించి, మూడోరోజు టీ తెప్పించి మరీ చెప్పాడు.

"ఒకటో తారీకుకు మెషిన్ వస్తాండాది టైటసప్పా. నడిపే మనిషి గూడా దాంతోనే వస్తాడు. నువ్వు ముందర గాలి కాడ కూచుందువులే. ఆడ నీడగా ఉంటాది."

గాలి కాడ! గాలి కొట్టేది నిన్నా మొన్నా పనిలో చేరినవాళ్ళు. టైటస్ టీ తాగి గ్లాసు కింద పెట్టాడు, అంతే. టైరులో మేకు దిగితే ముందు ఏమీ తెలియదు, కాసేపటికి గదా కుంగేది. ఆయనకూ అంతే అయింది. ఇంటికొచ్చి యూనీస్‌కు ఒక్క మాటలో చెప్పి కంచం ముందు కూచున్నాడు. ఆమె జాలిపడి, ఆయన కంచంలో రెండు ముక్కలు ఎక్కువేసింది. ఎక్కడ తీసి తన కంచంలో వేస్తాడోనని చూసింది. టైటస్ చూడను కూడా చూడలేదు. వేసినవన్నీ తలొంచుకుని తినేశాడు. అప్పుడు పట్టుకుంది యూనీస్‌కు భయం.

ఒకటో తారీకు ఇంకా పదిరోజులుందనగా తిరుమలేష్ వచ్చాడు. గనుల కాంట్రాక్టరు, ముప్పై ఏళ్ళవాడు, నలభై లారీల యజమాని. అంత పెద్ద బండిలో వచ్చి, వెనక తలుపు తీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దించింది ఏమిటయ్యా అంటే మూరెడు పొడుగు బొమ్మ జీపు. చక్రాలు ఒక్కొక్కటి వెలగకాయంత. దుబాయి నుంచి తెప్పించాడట. చేతిలో రిమోటు.

షాపులో నలుగురూ నవ్వు ఆపుకున్నారు గానీ అది ఉత్త పరుగులు తీసే బొమ్మ కాదు. రాళ్ళ మీద నత్త పాకినట్టు పాకుతూ, ఒక్కో చక్రం ఒక్కో రాయిని పట్టుకుంటూ నిదానంగా కొండెక్కే బండి. బళ్ళారి చుట్టూ రాళ్ళకేం కొదవ? హోస్పేట వైపు కాంట్రాక్టరు హులిగప్ప కూడా అటువంటిదే కొన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తెక్కలకోట అవతల ఎనుముగుండు అనే పెద్ద బండ ఉంది, పడుకున్న బర్రె వీపు మాదిరే ఉంటుంది. నెలాఖరు ఆదివారం సాయంత్రం ఎవడి జీపు దాని మీదికి ఎక్కితే వాడు గెలిచినట్టు. ఓడినవాడు గెలిచినవాడి మన్ను లారీని పదిమంది ముందర స్వయంగా కడగాలి. ఇద్దరూ ఇస్త్రీ మడత నలగని మనుషులు. ఇంతకన్నా ఘోరమైన పందెం వాళ్ళకు తోచలేదు.

వచ్చిన కష్టమేమిటంటే, తిరుమలేష్ జీపు బండ సగం దాకా ఎక్కి వెల్లకిలా పడుతోంది. చక్రమున్నది ఏదైనా టైర్ల షాపుకే కదా రావాలి, అందుకని ఇక్కడికొచ్చాడు. టైటస్ దాని చక్రం ఒకటి విప్పించి అరచేతిలో పెట్టుకుని చూశాడు. లోపలంతా స్పాంజి. బరువన్నదే లేదు.

"ఇది బండకు అతుక్కోదు సార్. చక్రాల్లో సీసం వేస్తే కిందికి బరువొచ్చి నిలబడతాది" అన్నాడు.

తిరుమలేష్‌కు ప్రాణం లేచొచ్చింది. మాధవను పిలిచి ఆయన ముందే చెప్పాడు. "నావి నలభై లారీలుండాయి. ఇది గుండు ఎక్కిందంటే ఆ నలభై లారీల చక్రాలూ టైటసప్ప చేతి మీదనే పోవాల. మెషినూ గిషినూ నాకొద్దు."

మాధవ తల గోక్కుని, సరేనన్నాడు. పెద్ద గిరాకీ మాట కాదనే ధైర్యం ఎవరికుంది? ఆ సాయంత్రం యూనీస్ వడ్డించాక టైటస్ తన కంచంలోంచి ఒక ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు. సమానమయ్యాయి. యూనీస్ లోపల్లోపల దేవునికి స్తోత్రం చెప్పుకుంది. విషయం విన్నాక మాత్రం, పందేల జోలికి పోవద్దంది. పందెం తనది కాదనీ, తనది స్టూలు సంగతనీ టైటస్ అన్నాడు.

మరునాడు నాన్న త్రాసు దుమ్ము దులిపి షాపుకు పట్టుకెళ్ళాడు. లారీ చక్రాలకు వేసే సీసాన్ని ముక్కలు చేసి, సుత్తితో రేకులు కొట్టి, నాలుగు భాగాలు పెట్టాడు. త్రాసు ముల్లు వెంట్రుకవాసి జరిగినా ఊరుకోలేదు, ఆకురాయితో రుద్ది మళ్ళీ తూచాడు. నాలుగు చక్రాల్లోనూ సమానంగా చుట్టి బిగించాడు. ఈ పనికి ఒక పూట పట్టింది. ఆ పూటంతా షాపులో పంక్చర్లు వేసేవాళ్ళు మెల్లగా నడిచారు, ఎక్కడ పొడి ఎగురుతుందోనని.

బుధవారం ఎనుముగుండు దగ్గర జీపును వదిలారు. బాగా ఎక్కింది. ఇంతకుముందు పడ్డచోటు దాటింది. మెడ దగ్గర, ఎక్కడైతే బండ నిట్టనిలువుగా లేస్తుందో అక్కడ, ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. ఒక్క క్షణం దండం పెట్టినట్టు నిలబడి, వెనక్కి తిరగబడి దొర్లుకుంటూ కిందికొచ్చింది.

టైటస్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగు చక్రాలూ విప్పి, త్రాసు తీసి, అక్కడే బండ మీద కూచుని మళ్ళీ తూచాడు. తప్పు లేదు. నాలుగూ సమానమే. అయితే మొత్తం బరువు చాలలేదేమోనని నాలుగింటికీ మళ్ళీ సమానంగా ఇంకో వరస సీసం వేశాడు. ఈసారీ అదే చోట పడింది. ముందు అట్టముక్క పడ్డట్టు పడింది, ఈసారి గుండు పడ్డట్టు పడింది, అంతే తేడా. చూడ్డానికొచ్చిన డ్రైవర్లు ఈలలు వేశారు.

తిరుమలేష్‌కు లారీ కడగడం కళ్ళ ముందు కనబడుతున్నట్టుంది. ముందు చక్రాల్లో ఇంకొంచెం వేసి చూడరాదా అని అడిగాడు. అడిగింది మామూలుగానే. కానీ టైటస్‌కు మండింది.

"ముందొకటి వెనకొకటి వేసేదానికి నేనెందుకు సార్? దోవన పోయేటోడు ఎవురైనా వేస్తాడు. ఇరవై రెండేండ్లల్లో నా చేతుల్నుంచి వంకర బండి ఒక్కటి పోలేదు."

చూశారా పొగరు! స్టూలు పోయే గడియ ముంచుకొస్తుంటే ఈ మనిషికి బొమ్మ జీపు దగ్గర సిద్ధాంతం అడ్డమొచ్చింది. తిరుమలేష్ గట్టిగా అనలేక, జీపును టైటస్ దగ్గరే వదిలి గొణుక్కుంటూ బండెక్కాడు. గురువారమంతా టైటస్ స్టూలు మీద కూచుని జీపు వైపూ, మాధవ కొత్త మెషిన్ కోసం పోయిస్తున్న సిమెంటు దిమ్మె వైపూ చూస్తూ గడిపాడు. దిమ్మె గట్టిపడుతోంది. ఆయన మనసులో జీపు మాత్రం పడుతూనే ఉంది.

శుక్రవారం సిరిగేరి నుంచి ఫోనొచ్చింది. చెన్నకేశవరావు ట్రాక్టరు టైరు పంక్చరయి కళ్ళంలో ఆగిపోయిందట. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కాలవ కింద వరి పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా అక్కడే స్థిరపడ్డ రైతు. వెళ్ళడానికి ఇంకెవరూ ఖాళీ లేరు. మాధవ మొహమాటపడుతూ అడిగితే టైటస్ సంచి పట్టుకుని బస్సెక్కాడు. ఇప్పట్నుంచే పంక్చర్లు అలవాటు చేస్తున్నాడు కాబోలు అనుకున్నాడు దారంతా.

పని అయింది. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు నిండా ధాన్యం బస్తాలు. కళ్ళంలోంచి రోడ్డెక్కాలంటే కాలవగట్టు ఎక్కాలి, గట్టేమో నిటారుగా ఉంది. చెన్నకేశవరావు ట్రాక్టరు స్టార్టు చేసి గట్టు మొదట్లో పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి, "ఏమేవ్, రా" అని కేకేశాడు. ఆయన భార్య హనుమాయమ్మ చెట్టు కింది నుంచి లేచి, కొంగు దోపుకుని, వచ్చి ట్రాక్టరు మూతి మీదికెక్కింది. అక్కడ ఇనుప చట్రానికి అప్పటికే రెండు బస్తాలు కట్టి ఉన్నాయి. వాటి మీద ఆవిడ బాసింపట్టు వేసుకుని, వక్కాకు నమలడం మాత్రం ఆపకుండా, పెళ్ళిపీటల మీద కూచున్నంత దర్జాగా కూచుంది.

టైటస్ నోరు వెళ్ళబెట్టాడు. అదేమిటమ్మా అని అడిగితే ఆవిడ చెప్పుకొచ్చింది. కంపెనీ వాడు ట్రాక్టరు ముందర వేసుకోను ఇనుప దిమ్మెలిచ్చాడు. ఈ గనుల గొడవలో పాత ఇనుముకు గిరాకీ పెరిగి, ఒక తెల్లారేసరికి ఎవరో ఆ దిమ్మెలు విప్పుకుపోయారు. కొత్తవి వేసినా ఉండనివ్వరు. అందుకని దిమ్మెల ఉద్యోగం తనకొచ్చిందట. తననైతే ఎవడూ విప్పుకుపోడు గదా అంది.

టైటస్ ఆ మాటకు నవ్వలేదు. ఆయన మనసు వేరే చోట ఉంది.

"ముందర ఒక్కరే కూచుంటే ఎట్లమ్మా? వెనక గూడా ఒకరుండాల గదా, సమానంగా?"

హనుమాయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. చెవిటివాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఎనకాల బరువుండబట్టే గదయ్యా మూతి పైకి లేస్తంది. చదునులో సమానం బాగానే ఉంటది. ఎక్కేటప్పుడు బరువు ముందరుండాలి."

ట్రాక్టరు గుర్రుమంటూ గట్టెక్కింది. ముందు చక్రాలు ఒకసారి వణికాయి, లేవలేదు. హనుమాయమ్మ గట్టు మీద దిగి వక్కాకు ఉమ్మింది. టైటస్ మాత్రం కిందే నిలబడి, కుడిచేత్తో గాలిలో బండ గీస్తూ, ఎడమచేత్తో జీపు ఎక్కిస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని చెన్నకేశవరావు మజ్జిగ తెమ్మన్నాడు.

ఇరవై రెండేళ్ళు చదును రోడ్డు చక్రాలు సరిచేసి, లోకమంతా చదునే అనుకున్నాను గదా అని టైటస్‌కు సిగ్గేసింది. సిగ్గుతో పాటు బరువు దిగినట్టు కూడా అయింది. మజ్జిగ తాగుతూ చూస్తే వసారాలో మేకుకు పాత విసురువల వేలాడుతోంది. చెన్నకేశవరావు సొంతూరి నుంచి తెచ్చుకున్న వల. దాని అంచు పొడుగునా, నీళ్ళలో మునగడానికి సీసపు గుండ్లు గుచ్చి ఉన్నాయి. శెనగగింజంత గుండ్లు, తాడుకు వరసగా. లారీ సీసం రేకు ఆ చిన్న చక్రంలో సరిగ్గా వంగక టైటస్‌ను రెండురోజులు ఏడిపించింది. ఈ గుండ్ల దండ అయితే రిమ్ము లోపల మొలతాడు కట్టినట్టు చుట్టుకుపోతుంది.

అడగ్గానే చెన్నకేశవరావు వలను గుండెకు హత్తుకున్నాడు. మా నాన్న వల అన్నాడు, ప్రాణమన్నా ఇస్తా గానీ ఇది ఇవ్వనన్నాడు. హనుమాయమ్మ లోపలి నుంచి కత్తిపీట తెచ్చి, పదేళ్ళలో ఆ వలకు పడింది ఒక పాత చెప్పు, ఒక నీళ్ళపాము అని లెక్క చెప్పి, రెండు మూరల అంచు కోసి టైటస్ చేతిలో పెట్టింది. చెన్నకేశవరావు ఆ పూట అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

శనివారం టైటస్ మళ్ళీ త్రాసు ముందు కూచున్నాడు. పాత రేకులన్నీ తీసేశాక, వెనక చక్రాల్లో ఒక్కో వరస గుండ్లు. ముందు చక్రాల్లో రెండేసి వరసలు. మూడో వరస కూడా వేద్దామనుకున్నాడు గానీ జీపు ఇరుసు సన్నం, విరుగుతుందని ఆగాడు. ఇంత వంకర పని చేస్తూ కూడా ఒకదాంట్లో మాత్రం వదల్లేదు. ఏ చక్రానికి ఆ చక్రాన్ని సూది మీద నిలబెట్టి తిప్పి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగేదాకా గుండ్లు జరుపుతూనే ఉన్నాడు. ముందరి కుడికీ ఎడమకీ తేడా లేదు, వెనక కుడికీ ఎడమకీ తేడా లేదు. ముందుకీ వెనక్కీ మాత్రమే తేడా. ఆ తేడా తన చేతులతో తాను పెట్టింది. కళ్ళు మూసుకుని వేలు ఆనించాడు. "ఆయ్తు" అన్నాడు, కాస్త గొంతు సవరించుకుని.

ఆదివారం ఎనుముగుండు దగ్గర తిరునాళ్ళంత జనం. ముందు హులిగప్ప జీపు ఎక్కింది. దానికి పైన రంగు దీపాలు, వెనక స్టెప్నీ, లోపల డ్రైవరు బొమ్మ కూడా ఉన్నాయి. ఇన్ని సోకులు మోసుకుని మెడ దాకా పోయి, అక్కడ మూతి ఎత్తి వెల్లకిలా పడింది. డ్రైవరు బొమ్మ తల ఊడి జనంలోకి దొర్లింది. హులిగప్ప మూడుసార్లు ప్రయత్నించాడు, మూడుసార్లూ పడింది; పందెంలో ఒక్కొక్కరికి మూడే అవకాశాలు.

తిరుమలేష్ రిమోటు నొక్కాడు. జీపు మెడ దగ్గరకొచ్చింది. ముందు చక్రాలు బండను పట్టుకున్నాయి, జారాయి, మళ్ళీ పట్టుకున్నాయి. టైటస్ రెండడుగులు ముందుకు వేశాడు. తనకు తెలియకుండానే, సిరిగేరి హనుమాయమ్మ ఆ జీపు మూతి మీద వక్కాకు నములుతూ కూచున్నట్టు కళ్ళకు కట్టింది. చక్రాలు లేవలేదు. నిదానంగా, ఏమీ తొందర లేనట్టుగా, జీపు ఎనుము వీపు మీదికెక్కి నిలబడింది.

డ్రైవర్లు టైటస్‌ను భుజాల మీదికెత్తుకున్నారు. హులిగప్ప ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని మన్ను లారీ కడిగాడు. కడిగేకొద్దీ లోపల్నుంచి ఇంకా ఎర్రనీళ్ళు వచ్చాయే గానీ తెల్లనీళ్ళు రాలేదు. నలభై లారీలూ టైటసప్ప చేతి మీదనే పోవాలని తిరుమలేష్ అక్కడే మాధవకు మళ్ళీ చెప్పాడు. టైటస్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. స్టూలు నిలబడిందనుకున్నాడు.

కానీ మాధవ వ్యాపారస్తుడు. సోమవారం పొద్దున్నే టీ తెప్పించాడు. టీ చూడగానే టైటస్‌కు సంగతి తెలిసిపోయింది.

నలభై లారీలంటే నాలుగువందల చక్రాలని మాధవ చెప్పాడు. చేత్తో చేస్తే రోజుకు పది అవుతాయి. అన్నాళ్ళు లారీలు ఆపడం కుదరదని తిరుమలేష్ కూడా ఒప్పుకున్నాడు. టైటసప్ప తెచ్చిన గిరాకీ చేజారకుండా నిలబెట్టుకోవాలన్నా మెషిన్ ఉండక తప్పదు. ఇదంతా మంచిగానే, చెయ్యి పట్టుకుని చెప్పాడు. గెలిచి మరీ ఓడడమంటే ఇదే. టైటస్ తన స్టూలు తానే ఎత్తుకుని పోయి గాలి పంపు పక్కన వేసుకున్నాడు. మాధవ చెప్పినట్టు అక్కడ నీడ ఉంది.

ఒకటో తారీకు మెషిన్ వచ్చింది. నీలంరంగు, అద్దంలో ఎర్ర అంకెలు. నడిపే మనిషి జేబులో మూడు పెన్నులు. మాధవ కొబ్బరికాయ కొట్టాడు. తిరుమలేష్ పంపిన మొదటి లారీ చక్రం తగిలించి మీట నొక్కారు. గిర్రున తిరిగి ఆగింది. నూటనలభై గ్రాములు తక్కువని చూపించింది. పెన్నుల మనిషి సీసం తగిలించి మళ్ళీ నొక్కాడు. ఈసారి అవతలి పక్క తొంభై. అక్కడా తగిలించాడు. మళ్ళీ ఇవతల నూటపది. అతను తగిలిస్తూనే పోయాడు, మెషిన్ అడుగుతూనే పోయింది. అరగంటయ్యేసరికి రిమ్ము చుట్టూ సీసం వడ్డాణం పెట్టినట్టయింది. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. మాధవ నుదురు తుడుచుకుంటున్నాడు.

గాలి పంపు దగ్గర టైటస్ తల తిప్పలేదు. తిప్పకూడదనే అనుకున్నాడు. కానీ చెవులు మూసుకోలేడు గదా. చక్రం తిరిగిన ప్రతిసారీ లోపల గరగరమని ఒక చప్పుడు వస్తోంది. పదోసారికి ఇక తట్టుకోలేక లేచాడు. అడగకుండానే రిమ్ము లోపలి అంచు మీద వేలు పోనిచ్చి, కళ్ళు మూసుకున్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని గీరితే గనిమన్ను పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. తడిసి, ఎండి, ఇనుముకు ఇనుమై అతుక్కుపోయిన ఎర్రమన్ను. తిరిగినప్పుడల్లా కొంత రాలి, కొంత జరిగి కూచుంటోంది. పాపం పుణె మెషిన్‌కు బళ్ళారి మన్ను సంగతి ఎవరు చెప్పారు?

మన్నంతా గీకి, వడ్డాణమంతా ఊడదీసి, పాత స్టాండు మీద ఒక్క తోపు తోశాడు. గీత పెట్టాడు. రెండే రెండు ముక్కలు తగిలించాడు. ఇప్పుడు తగిలించి చూడమని మెషిన్ వైపు చెయ్యి చూపించాడు.

చక్రం తిరిగి ఆగింది. అద్దంలో ఇటు సున్నా, అటు సున్నా.

"చెడిపోయిందా ఏంది?" అన్నాడు మాధవ, కంగారుగా.

పెన్నుల మనిషి మెషిన్‌ను రెండుసార్లు తట్టి చూశాడు. చెడిపోలేదని, తాను నడిపిన అన్నేళ్ళలో రెండు పక్కలా సున్నా ఇంత త్వరగా రావడం చూడలేదని, వచ్చీరాని తెలుగులో చెప్పాడు. మాధవ గాలి పంపు దగ్గరికి పోయి స్టూలు తానే ఎత్తుకొచ్చాడు. మెషిన్ పక్కన, దానికి సమానంగా వెయ్యబోతున్నాడనుకుని టైటస్ జాగా సర్దాడు.

"పక్కన గాదు టైటసప్పా" అన్నాడు మాధవ. స్టూలును నాలుగడుగులు ముందుకు జరిపి, లారీలు వచ్చే వైపు వేశాడు. "ముందర నీ వేలు. వెనక మెషిన్."

టైటస్ కూచున్నాడు. స్టూలు ఊగుతుందేమోనని అలవాటుగా అటూ ఇటూ కదిలి చూశాడు. ఊగలేదు.

ఆ సాయంత్రం యూనీస్ లెక్కబెట్టి నాలుగు ముక్కలు ఇటు, నాలుగు అటు వడ్డించింది. టైటస్ రెండు కంచాలూ చూశాడు. తన కంచంలోంచి రెండు తీసి ఆమె కంచంలో వేశాడు.

"లెక్క తప్పినావప్పా" అంది యూనీస్.

"తప్పలేదు మే. చదునులోనే సమానం. మనం ఎక్కతాండాం గదా, ముందర బరువుండాల. ఈ ఇంటికి ముందర నువ్వే."

యూనీస్ ఎడమచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టి చూసింది. జ్వరమేమీ లేదు.